తోటలో పసిబిడ్డ పటము – రాజా దీన్ దయాళ్ జీవితము



మనలో అనేకుల ఇండ్లలో ట్రంకు పెట్టె అడుగున ఒక పాత పటము ఉండును. అందులో ఒక చిన్నబిడ్డ పూలకుండీ ప్రక్కన నిలిచియుండును, లేక పెద్ద కుర్చీలో కూర్చుండబెట్టబడి యుండును. బిడ్డ వెనుక చెట్లు, తీగెలు, రాతి మెట్లు, కొన్నిసార్లు ఒక చెరువు కూడ కనబడును. కామాటిపుర గల్లీలలో గాని, మన చాళీల వరండాలలో గాని అటువంటి తోట లేదని మనకందరికి తెలిసిన సంగతే. మన ఇండ్లలో ఉన్న తోట తగరపు డబ్బాలో నాటిన బంతిమొక్క, తులసిమొక్క మాత్రమే. పటములోని తోట గుడ్డ మీద రంగులతో వేసినది. స్టూడియోవాడు దానిని గోడకు వ్రేలాడదీసి, దాని ముందర బిడ్డను నిలిపి ఫోటో తీసెను. ఆ ఫోటో ఒక ప్రతి ఇంట్లో ఉండగా మరియొక ప్రతి ఉత్తరములో పెట్టబడి నల్గొండకో, పాలమూరుకో, కరీంనగరుకో, నెల్లూరుకో పోయెను. అక్కడ తాత నాయనమ్మలు దానిని చూచి, బొంబాయిలో మన మనుమడు మంచి చోటనే పెరుగుచున్నాడని సంతోషించిరి.

ఇటువంటి పటముల ఆచారము మన దేశములో ఎలాగు వచ్చినదో తెలిసికొనగోరు వారికి ఒక మనుష్యుని జీవితము చాల ఉపయోగపడును. ఆయన పేరు రాజా దీన్ దయాళ్. ఆయన తెలుగువాడు కాడు, మన విశ్వాసమునకు చెందినవాడును కాడు. ఆయన జైన కుటుంబములో పుట్టినవాడు. అయినను ఆయన పేరు పొందినది మన సికింద్రాబాదులో, కన్ను మూసినది మన బొంబాయిలో. మన పితరులు ఏ రైలు మార్గమున వచ్చిరో ఆ మార్గముననే ఆయన పనియు బొంబాయికి వచ్చెను. గనుక ఈ సంచికలో ఆయన జీవితమును మన పాఠకులకు చెప్పుచున్నాము.

పుట్టుక, చదువు

దీన్ దయాళ్ 1844వ సంవత్సరములో ఉత్తర దేశమున మీరటు పట్టణమునకు దగ్గరనున్న సర్ధనా అను ఊరిలో జన్మించెను. ఆ ఊరి పేరు క్రైస్తవులకు క్రొత్త కాదు. బేగం సమ్రూ అను పేరుగల రాణి రోమను కథోలిక మతము పుచ్చుకొని అక్కడ కట్టించిన గొప్ప దేవాలయము నేటికిని నిలిచియున్నది. దీన్ దయాళ్ కుటుంబము నగల వర్తకముతో సంబంధము గలది. సన్నని పనిని ఓపికగా చూచు కన్ను ఆయనకు ఇంటి నుండియే వచ్చియుండవచ్చును.

ఆయన రూర్కీలోని థామసన్ ఇంజనీరింగు కళాశాలలో చదివెను. అక్కడ కొలతలు తీయుట, నక్షాలు గీయుట, కట్టడమునకు ఎంత రాయి, ఎంత సున్నము, ఎందరు కూలీలు కావలెనో లెక్క వేయుట నేర్చుకొనెను. 1866లో చదువు ముగించి, ఇండోర్ పట్టణములో ప్రభుత్వ మరామతు శాఖలో అంచనాలు వేయువానిగాను, నక్షాలు గీయువానిగాను ఉద్యోగములో చేరెను.

ఇక్కడ మనము ఒక్క నిమిషము ఆగి ఆలోచింపవలెను. ఆ దినములలోనే బొంబాయిలో గొప్ప కట్టడములు లేచుచుండెను. 1784 ప్రాంతమున వెల్లార్డు కట్ట పూర్తియైన తరువాత, నీరు నిలిచిన పల్లపు భూములు పూడ్చబడగా, నైజాము సీమనుండి వచ్చిన తెలుగు కామాటీలు ఆ మెరకల మీద కాపురముండిరి. వారి పేరనే ఆ పేట కామాటిపుర అయ్యెను. రాయి మోసినవారు, సున్నము కలిపినవారు, పునాదులు త్రవ్వినవారు అందులో అనేకులు. 1878లో మొదలై 1888లో ముగిసిన విక్టోరియా టెర్మినస్ స్టేషను వంటి కట్టడములు లేచిన కాలము అదియే. దీన్ దయాళ్ కాగితము మీద అంచనా వేసిన పని వంటి పనినే మన పెద్దలు తల మీద తట్టతో చేసిరి. ఇద్దరును ఒకే కాలపు కష్టజీవులు. ఒకరి చేతిలో పెన్సిలు, మరియొకరి చేతిలో పార.

కెమెరా చేతికి వచ్చుట

ఉద్యోగములో ఉండగానే 1874లో ఆయన ఫోటోలు తీయుట ప్రారంభించెను. ఆ దినములలో అది సులువైన పని కాదు. ఫిల్ము అనునది లేదు. గాజు పలక మీద ఒక జిగురు ద్రవము పోసి, వెండి ఉప్పు కలిసిన నీటిలో ముంచి, ఆ తడి ఆరకముందే కెమెరాలో పెట్టి చిత్రము తీయవలెను. తీసిన వెంటనే చీకటి గదిలో దానిని కడుగవలెను. అడవిలో గాని, కొండ మీద గాని ఫోటో తీయగోరిన యెడల గాజు పలకలు, సీసాలు, నీళ్లు, చీకటి గుడారము అన్నియు ఎడ్ల బండ్ల మీద వెంట తీసికొని పోవలెను. ఎండకాలములో ద్రవము ఊరకనే ఆరిపోవును. ఒక్క పలక పగిలిన యెడల దినమంత చేసిన కష్టము వ్యర్థమగును.

ఇండోర్ మహారాజు రెండవ తుకోజీరావు హోల్కరు ఆయన నేర్పును చూచి ప్రోత్సహించెను. మధ్య భారతములో గవర్నరు జనరలు ప్రతినిధిగా ఉండిన సర్ హెన్రీ డేలీ కూడ ఆయనకు సహాయము చేసెను. అప్పుడు దీన్ దయాళ్ ఇండోర్‌లో సొంత స్టూడియో పెట్టెను. 1882-83లో సర్ లెపెల్ గ్రిఫిన్ దొరతో కూడ బుందేల్‌ఖండ్ ప్రాంతమంతయు తిరిగి పాత గుళ్లను, కోటలను చిత్రించెను. ఆ చిత్రములు తరువాత పెద్ద పుస్తకముగా వెలువడెను. కట్టడమును ఎక్కడ నిలిచి చూచిన దాని నిలువు, అడ్డము సరిగా కనబడునో ఆయనకు తెలియును. ఇంజనీరింగు చదువు ఆయనకు కెమెరా వెనుక కూడ పనికివచ్చెను.

1885లో ఆయన వైస్రాయికి ఫోటోగ్రాఫరుగా నియమింపబడెను. జీతము వచ్చు సర్కారు ఉద్యోగమును విడిచి, చేతిపనినే నమ్ముకొని బ్రదుకుటకు ఆయన తీర్మానించుకొనెను. నలుబది యేండ్ల వయస్సులో పిల్లలు గలవాడు ఇట్టి తీర్మానము చేయుట చిన్న సంగతి కాదు. ఊరు విడిచి బొంబాయి రైలెక్కిన మన తాతలకు ఆ గుండె దడ బాగుగా తెలియును.

సికింద్రాబాదులో

1880ల మధ్యలో ఆయన హైదరాబాదు రాజ్యమునకు వచ్చి సికింద్రాబాదులో స్టూడియో తెరచెను. అప్పటి ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ ఇరువది యేండ్ల యువకుడు. దర్బారు, వేట, విందు, సైన్యపు కవాతు, అతిథులుగా వచ్చిన దొరలు, రాజభవనముల గదులు అన్నియు దీన్ దయాళ్ కెమెరాకు పని కల్పించెను. నిజాము ఆయనను ఎంతో గౌరవించి 1894లో రాజా బహదూరు ముసవ్విర్ జంగు అను బిరుదు నిచ్చెను. ముసవ్విర్ అనగా చిత్రకారుడు. 1893లో అమెరికాలోని షికాగో నగరమున జరిగిన ప్రపంచ ప్రదర్శనములో ఆయన చిత్రములకు బహుమానము దొరికెను. 1897లో విక్టోరియా రాణి తన ఫోటోగ్రాఫరుగా ఆయనకు అధికార పత్రము దయచేసెను.

సికింద్రాబాదు అప్పుడు పెద్ద దండు పట్టణము. మన అమెరికను బాప్టిస్టు మిషనరీలు కూడ 1870లలోనే అక్కడ పని మొదలుపెట్టి యుండిరి. 1874లో వాడీ నుండి సికింద్రాబాదు వరకు రైలు మార్గము తెరవబడెను. వాడీలో ఆ మార్గము బొంబాయికి పోవు పెద్ద మార్గముతో కలియును. అంతకు ముందు కాలినడకను, బండ్ల మీదను వారముల తరబడి ప్రయాణము చేసిన కామాటీలకు బొంబాయి దగ్గరైనది ఆ రైలుతోనే. గాజు పలకలు, రసాయనములు, కెమెరాలు ఓడలలో బొంబాయికి దిగి, అదే రైలులో సికింద్రాబాదుకు పోయెను. మనుష్యులు ఈ దిక్కునకు, సామాను ఆ దిక్కునకు.

1892లో ఆయన హైదరాబాదులో ఒక విశేషమైన పని చేసెను. గోషా పాటించు స్త్రీల కొరకు ప్రత్యేకముగా ఒక జనానా స్టూడియో ఏర్పరచెను. దాని చుట్టు ఎత్తైన గోడలు కట్టించెను. లోపల ఫోటో తీయునది స్త్రీయే. కెన్నీ-లెవిక్ అను దొరసాని ఆ పనికి నియమింపబడెను. పరాయి పురుషుని ముందర ముసుగు తీయని తల్లులు తమ పిల్లలను వెంటబెట్టుకొని అక్కడికి పోయి నిర్భయముగా కూర్చుండగలిగిరి. మన దేశములో స్త్రీ చేతికి కెమెరా వచ్చిన మొదటి దినములలో ఇది యొకటి. వచ్చువారి ఆచారమును కించపరచక, వారి సిగ్గును గౌరవించి, దానికి తగిన ఏర్పాటు చేసిన వర్తకుని తెలివిని మనము మెచ్చుకొనవలెను.

తోట, బిడ్డ, ఆయా

ఇప్పుడు మన పటము సంగతికి వచ్చెదము.

తడి పలకల కాలములో చిన్నపిల్లల ఫోటో తీయుట కష్టము. కొన్ని సెకండ్లు కదలక ఉండవలెను. పెద్దవారి తల వెనుక ఇనుప కర్ర నిలిపి ఆనించుదురు. పసిబిడ్డను ఎవరు ఆపగలరు? బిడ్డ కదిలిన యెడల పటములో మొగము మసకగా పడును. 1880లలో పొడి పలకలు వాడుకలోనికి వచ్చెను. అవి ముందుగానే తయారై డబ్బాలలో దొరకును. రెప్పపాటులో చిత్రము పడును. అప్పటి నుండియే పిల్లల పటములు ఎక్కువయ్యెను. దీన్ దయాళ్ సికింద్రాబాదు పని పెరిగినది సరిగా ఆ కాలముననే.

వెలుతురు కొరకు స్టూడియోకు గాజు కప్పు వేయుదురు. కరెంటు దీపములు లేని కాలమది. గుడ్డ మీద వేసిన తోట, కొయ్యతో చేసిన పిట్టగోడ, కాగితపు గుజ్జుతో చేసిన బండలు, కుండీలలో మొక్కలు అచ్చట సిద్ధముగా ఉండును. ఈ ఏర్పాటు ఐరోపా స్టూడియోల నుండి వచ్చినది. అక్కడి ధనవంతుల బంగళా తోటలను గుడ్డ మీదికి తెచ్చిరి. తోట గలవాడు తోటలోనే ఫోటో తీయించుకొనును. తోట లేనివాడు గుడ్డ తోట ముందర నిలువబడును. ఆ విధముగా దొరల తోట నవాబుల యొద్దకు, నవాబుల యొద్దనుండి గుమాస్తాల యొద్దకు, చివరకు గ్రాంటు రోడ్డు ప్రాంతపు చిన్న స్టూడియోల ద్వారా మన చాళీల యొద్దకు దిగివచ్చెను.

దీన్ దయాళ్ స్టూడియో దండులోని దొరల కుటుంబములను వారి బంగళాల యొద్దనే చిత్రించెను. గడ్డి నేల, టెన్నిసు ఆట, టీ బల్ల, పొట్టి గుఱ్ఱము మీద బిడ్డ అట్టి పటములలో కనబడును. ఆ కాలపు ఇటువంటి తోట పటములను పరిశీలించి చూచిన యెడల బిడ్డ ప్రక్కన మరియొకరు నిలిచియుండుట తరచుగా కనబడును. తెల్లచీర కట్టిన ఆయా బిడ్డను ఎత్తుకొని యుండును. గుఱ్ఱపు కళ్లెము పట్టుకొని సాయీసు ఉండును. దూరమున తోటమాలి వంగి పని చేయుచుండును. ఆల్బములో బిడ్డ పేరు చక్కగా వ్రాయబడి యుండును, పుట్టిన తేదీ కూడ ఉండును. ఎత్తుకొనిన దాని పేరు మాత్రము ఉండదు. ఆయా అని మాత్రమే వ్రాయుదురు. లేక ఏమియు వ్రాయరు.

ఈ సంగతి మన హృదయములకు తగలవలెను. ఎందుకనగా ఆ తోటకు నీళ్లు పోసినవారు, ఆ బిడ్డకు జోల పాడినవారు, ఆ బంగళాకు రాయి మోసినవారు మనవంటి వారు. మన కుటుంబములలో అనేకుల నాయనమ్మలు, తాతలు అట్టి పనులు చేసియే పిల్లలను పెంచిరి. పటములో వారు ఉన్నారు, పేరులో లేరు.

అంతకు ముందే ప్రభుత్వము 1868 నుండి 1875 వరకు ఎనిమిది సంపుటములుగా భారతదేశపు ప్రజల ఫోటోలు అచ్చు వేయించెను. అందులో సామాన్యులకు తరచు కులమే పేరు. ఫలానా జాతివాడు ఇట్లుండును అని చూపుటకే వారి మొగము పనికివచ్చెను. ఒక మనుష్యుని పటము తీసికొని అతని పేరును విడిచిపెట్టుట అతనినుండి సగము తీసికొనిపోవుటయే.

కరువు చిత్రములు

దీన్ దయాళ్ తీసినవి రాజుల పటములే కావు. 1890ల చివరను, 1900 ప్రాంతమునను నైజాము రాజ్యములోని ఔరంగాబాదు సీమ కరువుల పాలయ్యెను. ప్రభుత్వము చెరువులు త్రవ్వించుట, రోడ్లు వేయించుట మొదలైన పనులు పెట్టి, పనికి వచ్చినవారికి తిండి పెట్టించెను. ఆ పనులను, పనికి వచ్చిన జనమును చిత్రించుటకు దీన్ దయాళ్ స్టూడియోను నియమించెను. రాజభవనపు దీపముల వెలుగును చిత్రించిన ఆ కెమెరాయే ఎముకలు తేలిన పిల్లలను, వరుసలుగా కూర్చుండి గంజి కొరకు కనిపెట్టుకొని యున్న తల్లులను చూచెను.

ఆ చిత్రములు ప్రభుత్వము చేసిన మేలు చూపుటకు తీయబడినవి. అయినను వాటిని చూచువారి కన్ను మేలు చేసినవారి మీద నిలువదు, ఆకలిగొనినవారి మీద నిలుచును. మన తెలుగు బాప్టిస్టులకు కరువు పనులు అనగా ఒంగోలు జ్ఞాపకము వచ్చును. 1876-78 కరువులో క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల పనిని కాంట్రాక్టు తీసికొని వేలమందికి కూలి చూపించిన సంగతి మన సంఘములలో చిన్నపిల్లలకును తెలియును. ఆ కాలువ గట్టు మీద పార పట్టిన మాదిగ తల్లులకు, తండ్రులకు ఎవరు పటము తీసిరి? ఔరంగాబాదు కూలీల చిత్రములను చూచునప్పుడు మన ముత్తాతల మొగములు ఎట్లుండెనో కొంత ఊహించుకొనగలము.

బొంబాయి స్టూడియో

1896లో దీన్ దయాళ్ బొంబాయిలో స్టూడియో తెరచెను. ఆయన పేరు అప్పటికి దేశమంతట వ్యాపించి యుండెను. బొంబాయిలో పార్సీ వర్తకులు, గుజరాతీ సేట్లు, దొరలు, ఓడ దిగి వచ్చిన ప్రయాణికులు అనేకులు ఉండిరి. ఆయన కుమారులు జ్ఞానచంద్, ధరంచంద్ పనిలో ఆయనకు తోడుగా ఉండిరి. ఫోటో తీయువారు, గాజు పలక మీద సన్నని పెన్సిలుతో మొగము సరిదిద్దువారు, అచ్చులు వేయువారు, రంగులు పూయువారు, అట్టల మీద అంటించువారు ఇట్లు అనేకుల చేతులు ఒక్క పటములో పని చేసెను. సంతకము మాత్రము ఒక్కటే. ఇందులో తప్పు పట్టుటకు లేదు. ఆ దినములలో పెద్ద స్టూడియోలన్నిటి పద్ధతియు అదే. అయినను పటము క్రింద పేరు చూచునప్పుడు పేరు లేని చేతులను కూడ తలంచుకొనుట మంచిది.

ఆ సంవత్సరమే సెప్టెంబరులో బొంబాయికి ప్లేగు వచ్చెను. మాండవీలో మొదలై పట్టణమంతట వ్యాపించెను. లక్షల జనము పట్టణము విడిచి పారిపోయిరి. మిల్లులకు మనుష్యులు దొరకలేదు. అధికారులు ఇండ్లలో జొరబడి రోగులను వెదకి ఆసుపత్రికి తీసికొని పోయిరి, సామాను బయట వేయించిరి, గోడలకు సున్నము కొట్టించిరి. స్టేషనులలో ప్రయాణికులను నిలిపి పరీక్షించిరి. ఒక వైపు ధనవంతుల పిల్లలు గుడ్డ తోటల ముందర నిలిచి పటము తీయించుకొనుచుండిరి. మరియొక వైపు ఇరుకు గదులలోని బీదలు మూటలు కట్టుకొని ఊరి దారి పట్టిరి. ప్లేగు పనులకు కూడ ఫోటోలు తీసిరి. వాటిలోని రోగులకును పేరులు లేవు. 1898లో బొంబాయి ఇంప్రూవుమెంటు ట్రస్టు ఏర్పడి, ఇరుకు పేటలను కూల్చి, కూలివారికి చాళీలు కట్టించుట మొదలుపెట్టెను. మన పెద్దలు ఎరిగిన చాళీల జీవితమునకు ఆ ప్లేగు కూడ ఒక కారణము.

చివరి దినములు

1903లో ఢిల్లీలో జరిగిన గొప్ప దర్బారును దీన్ దయాళ్ సంస్థ చిత్రించెను. అది ఆయన కీర్తికి శిఖరము వంటిది. అయితే తరువాతి సంవత్సరమే, 1904లో, ఆయన కుమారుడు ధరంచంద్ చనిపోయెను. వేలాది మంది తండ్రులకు వారి పిల్లల పటములు తీసి యిచ్చిన ఆ వృద్ధుడు తన బిడ్డను మన్ను పాలు చేసికొని, పటము చూచుకొను తండ్రులలో ఒకడయ్యెను. 1905 జూలై 5వ తేదీన ఆయన బొంబాయిలో మరణించెను. వయస్సు అరువది యొకటి దాటలేదు. పుట్టినది ఉత్తరమున, పేరు పొందినది తెలంగాణమున, కన్ను మూసినది ఈ సముద్రపు ఒడ్డున.

జ్ఞానచంద్ కొంతకాలము పనిని నడిపించెను. 1911లో ఆరవ నిజాము చనిపోగా గొప్ప పోషకుడు లేకపోయెను. చేతిలో పట్టుకొను చిన్న కెమెరాలు వచ్చి, స్టూడియోల వైభవము దేశమంతట తగ్గెను. సంస్థ క్షీణించినను గాజు పలకలు మాత్రము కుటుంబములో నిలిచెను. పెట్టెలలో, ధూళిలో, ఎనిమిది దశాబ్దములు గడిచెను. 1989లో ఢిల్లీలోని ఇందిరా గాంధీ జాతీయ కళా కేంద్రము 2,857 గాజు పలకలను కొని భద్రపరచెను. 2006లో భారత తపాలా శాఖ ఆయన పేరట స్టాంపు విడుదల చేసెను. ఆయన తన పలకల మీద నంబరును, పేరును గీయు అలవాటు గలవాడు. ఆ చిన్న జాగ్రత్త వలననే నేడు పండితులు ఎన్నో చిత్రములను గుర్తుపట్టగలుగుచున్నారు. చిత్రము ఎంత గొప్పదైనను దాని మీద వ్రాసిన అక్షరమే దానిని మనుష్యులతో కలుపుచున్నది.

మనము చేయవలసినది

ఈ జీవితము చదివి ఊరకుండుట సరికాదని మా తలంపు. కామాటిపురలోను, ఇతర పేటలలోను పాత చాళీలను కూల్చి క్రొత్త భవనములు కట్టు ప్రణాళికలు నడచుచున్నవి. ఇల్లు మారునప్పుడు గిన్నెలు, బట్టలు జాగ్రత్తగా సర్దుకొందుము. ట్రంకు అడుగున నున్న పటములు చెత్తలోనికి పోవుచున్నవి. వాటిలోనున్న బిడ్డ ఎవరో చెప్పగల పెద్దలు ఒక్కొక్కరే మన మధ్యనుండి వెళ్లిపోవుచున్నారు. బడిలో మరాఠీ, ఇంగ్లీషు చదివిన మన పిల్లలకు తాత పేరు తెలిసినను తాత తండ్రి పేరు తెలియదు. దొరల ఆల్బములలో మన ఆయాల పేరులు లేవని బాధపడుదుము. అయితే మన సొంత పెట్టెలోని పటము వెనుక మనమును పేరు వ్రాయనియెడల రెండింటికి భేదమేమి?

గనుక ప్రతి కుటుంబమునకు కొన్ని మాటలు మనవి చేయుచున్నాము.

మొదటిది, వానలు తగ్గిన తరువాత పొడి దినమున పటములను బయటికి తీయుడి. చేతులు కడిగి తుడుచుకొని అంచులు మాత్రమే పట్టుకొనుడి. తడిగుడ్డతో తుడువవద్దు. చిరిగినచోట జిగురు టేపు అంటించవద్దు, అది కొన్ని సంవత్సరములకు కాగితమును పసుపు చేసి తినివేయును. ప్లాస్టికు సంచులలో గట్టిగా కట్టినయెడల లోపల చెమ్మ పట్టి పటములు ఒకదానికొకటి అంటుకొనును. శుభ్రమైన తెల్లకాగితము మధ్య పెట్టి, అట్టపెట్టెలో, నేలకును బయటి గోడకును దూరముగా ఉంచుడి.

రెండవది, పెద్దవారి యొద్ద కూర్చుండి ప్రతి పటమును చూపి అడుగుడి. బిడ్డ ఎవరు, తల్లిదండ్రులెవరు, ఏ ఊరివారు, ఏ సంవత్సరము, ఎక్కడ తీసిరి, ఆ దినము విశేషమేమి. పటము వెనుక మెత్తని పెన్సిలుతో, గట్టిగా అదమక, అంచున వ్రాయుడి. పెన్నుతో వ్రాసిన సిరా ముందుకు ఊరును. తెలుగులోను, పిల్లలు చదువగల మరియొక లిపిలోను వ్రాయుట మంచిది. అట్ట క్రింద గాని, వెనుక గాని స్టూడియో పేరు అచ్చువేసి యున్నయెడల దానిని చింపకుడి, కాలము తెలిసికొనుటకు అదియు ఆధారము.

మూడవది, కుటుంబమువారిని మాత్రమే కాక ప్రక్కన నిలిచినవారిని కూడ వ్రాయుడి. పొరుగింటి అక్క, బిడ్డను ఎత్తుకొనిన పెద్దమ్మ, సండేస్కూలు టీచరమ్మ, బాప్తిస్మపు దినమున నీళ్ల తొట్టి నింపిన అన్న, అందరిని. మన గ్రూపు ఫోటోలలో పాస్టరుగారి పేరు, అధ్యక్షుల పేరు అందరికి తెలియును. చివరి వరుసలో నిలిచిన సహోదరి పేరే మొదట మరచిపోదుము.

నాలుగవది, సెల్‌ఫోనుతో పటము యొక్క ముందువైపును, వెనుకవైపును నకలు తీసి కుటుంబములో అందరికి పంపుడి. ఊరిలోనున్న బంధువుల యొద్ద మన పటముల రెండవ ప్రతులు ఉండవచ్చును. పండుగలకు, పెండ్లిండ్లకు ఊరికి పోయినప్పుడు అడిగి చూడుడి. ఇక్కడ చెరిగిన మొగము అక్కడ చక్కగా ఉండవచ్చును.

గుడ్డ మీది తోట అబద్ధమే. దాని ముందర నిలిచిన బిడ్డ మాత్రము నిజము, ఆ బిడ్డకు నూనె రాసి తల దువ్వి, ఉన్నంతలో మంచి బట్ట తొడిగి, ఒక దినపు కూలిని స్టూడియోవానికి చెల్లించిన తల్లి ప్రేమయు నిజము. ఆ తల్లి పేరు వ్రాయుట మన వంతు. రాబోవు పండుగ సెలవులలోనే ఈ పని ప్రతి ఇంట మొదలు పెట్టవలెనని మన సంఘములన్నిటిని ప్రేమతో కోరుచున్నాము.